గేటు వైపు వాలు

బండి ముక్కు కిందికి వంగి ఉందని, కిటికీ అద్దాలు తోలే అద్దాలాయనకి నాలుగు రోజులుగా డిపోలో లోడు ఇవ్వడం లేదు.

ఆ మాట ఆయన చెప్పలేదు. పికప్పు షెడ్డు ముందు ఆగీ ఆగకముందే వెనక తొట్టిలోంచి దిగుతూ ఆయన భార్య చెప్పింది. ముందు సీటు ఖాళీగా ఉన్నా ఆవిడ తొట్టిలోనే వస్తుంది. ఇరవై ఏళ్లుగా కిటికీ అద్దాల పక్కన నిలబడి, కుదుపులకు అవి జారకుండా చేత్తో ఆపుతూ తిరిగిన మనిషి. సీట్లో కూర్చుంటే కడుపులో తిప్పుతుందట.

“చూడమ్మా ఇంజినీరూ,” అంది చీర దులుపుకుంటూ. “మా ఆయన ముక్కు పుట్టినప్పట్నుంచీ వంకరే. దానికెవరూ పని ఆపలేదు. బండి ముక్కు వంగిందని మాత్రం తిండి ఆపేశారు.”

అద్దాలాయన ముక్కు తడుముకున్నాడు.

ఇంజినీరు అన్నది పెదనాన్న వెటకారానికి పెట్టిన పేరు. మూడేళ్ల మెకానికల్ డిప్లొమా చదివి, ఎక్కడా ఉద్యోగం రాక, తన షెడ్డులోనే బండ్ల కింద దూరిన తమ్ముడి కూతుర్ని ఇంకేమని పిలుస్తాడు? జనం అది నిజమనుకుని వాడేయడం మొదలుపెట్టారు. వెటకారాలతో వచ్చే చిక్కే అది.

“ఎవరు ఆపారు పిన్నీ?”

“కొత్త సూపర్‌వైజరు. తొట్టి మీద రసమట్టం పెడతాడు. బుడగ మధ్యలో నిలబడితేనే లోడు. పోయిన నెల ఎవరి బండిలోనో అద్దాలు ముందుకు జారి పగిలాయంట. అప్పట్నుంచి ఈ పూజ.”

ఇంజినీరు మోకాళ్ల మీద కూర్చుని చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపు పట్టింది. ఎడమ, కుడి. మళ్లీ ఎడమ. డ్రైవరు కూర్చునే వైపు ఒక వేలెడు ఎక్కువ కుంగింది. ఇరవై ఏళ్లు ఒకే మనిషిని మోస్తే ఇనుమైనా అంతే.

“కుంగింది, నిజమే. కానీ సగం జబ్బు, సగం పుట్టుక,” అంది లేస్తూ. “పికప్పులన్నీ ఖాళీగా ఉంటే వెనక ఎత్తుగానే ఉంటాయి బాబాయ్. లోడు పడ్డాక వెనక దిగి సమానమవుతుంది. లోడేసి చూడమనాల్సింది.”

“అన్నానమ్మా. లెవెలు లేకుండా లోడెలా ఇస్తానన్నాడు.”

పెదనాన్న కుర్చీలోంచే నవ్వాడు. “పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు. సరే, ఏం చేద్దామంటావ్? కొత్త కడ్డీలా?”

కొత్త కడ్డీల ధర విని అద్దాలాయన భార్య, “అంత పెడితే బండికి ఇంకో బండి తోడొస్తుంది,” అంది. అక్కడితో ఆ ముచ్చట అయిపోయింది.

ఖర్చు లేని దారి ఒకటుంది. ఈ రకం పాత బండికి ముందు చుట్టల స్ప్రింగులుండవు. చేతికర్ర మందాన రెండు ఉక్కు కడ్డీలు చాసిస్ వెంట పడుకుని, మెలి తిరుగుతూ బరువు మోస్తాయి. ఒక్కో కడ్డీ వెనక చివర ఒక్కో బోల్టు. అది బిగిస్తే మెలి పెరుగుతుంది, ముక్కు లేస్తుంది. పాన అందితే చాలు.

పాన అందడానికి మధ్యాహ్నమైంది. బోల్టుల చుట్టూ ఏళ్ల నాటి మట్టి, గ్రీజు కలిసి రాయిలా గట్టిపడ్డాయి. ఆమె బండి కింది గోతిలో నిలబడి స్క్రూడ్రైవరుతో గీకింది, తీగ బ్రష్‌తో తోమింది, నూనె పోసి గంటసేపు వదిలేసింది. జాకీతో ముందు భాగం లేపి బరువు తీశాక, బోల్టు తల మీద సుద్దగీత పెట్టుకుని ఎడమ వైపు నాలుగు చుట్లు తిప్పింది. కుడి వైపు ఆరు. ప్రతి చుట్టుకీ కడ్డీ కిర్రుమంది, నిద్రలేపితే విసుక్కునే ముసలాయనలాగ. బండిని దించి వెంటనే కొలిస్తే కొలత అబద్ధం చెబుతుంది. అందుకని పదడుగులు ముందుకు, పదడుగులు వెనక్కి తోయించి, బంపరు మీద ఎక్కి రెండు సార్లు గెంతి, అప్పుడు టేపు పట్టింది. మళ్లీ జాకీ. ఇంకో చుట్టు. మళ్లీ దించడం.

సాయంత్రానికి తొట్టిలో రసమట్టం పెడితే బుడగ రెండు గీతల మధ్య కుదురుగా ఆగింది. షెడ్డు నేల పెదనాన్న నీళ్ల గొట్టం పెట్టి మట్టం చూసుకుని పోయించినది. ఆయన జీవితంలో అంత శ్రద్ధగా చేసిన పని ఇంకోటి లేదని పెద్దమ్మ అంటుంది.

“ఇంతే,” అందామె. “ఇంతకు మించి ఇంకో చుట్టు తిప్పినా బండికి మంచిది కాదు.”

మంగళవారం మధ్యాహ్నం బండి వెనక్కొచ్చింది. ఈసారి అద్దాలాయన భార్య తొట్టిలోంచి దిగలేదు.

“బుడగ గీత దాటిందన్నాడు,” అన్నాడు అద్దాలాయన. తప్పు తనదే అన్నట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆమె రసమట్టం తెచ్చి పెట్టింది. నడిమధ్యన ఉంది. రసమట్టాన్ని తిప్పి అటుదిటు పెట్టింది. అప్పుడూ మధ్యనే.

“వాడిదే పాడైపోయిందేమో,” అన్నాడు పెదనాన్న. “లేకపోతే వాడి కళ్లు.”

“రేపు నేనూ వస్తాను బాబాయ్,” అందామె.

డిపో అంటే పెద్ద రేకుల కొట్టు, దాని ముందు కాంక్రీటు ఆవరణ. బండ్లన్నీ గేటుకి మొహం పెట్టి ఒక పసుపు గీత మీద నిలబడాలి. సూపర్‌వైజరు ఇస్త్రీ చొక్కా వేసుకున్న సన్నటి మనిషి. ఆమెని కూడా అండీ అన్నాడు, కుర్చీ వేయించాడు, మంచినీళ్లు ఇప్పించాడు. అరిచే మనిషైతే తిట్టుకోవడానికైనా సుఖంగా ఉండేది.

ఆయన తొట్టిలో రసమట్టం పెట్టాడు. బుడగ వెనక గీత మీదికి ఎక్కి కూర్చుంది. అంటే ముక్కు కిందికి ఉన్నట్టు.

అప్పుడే కొట్టులోంచి ఎవరో గాజుపొడి కడిగిన నీళ్లు బకెట్టుతో బయటికి పోశారు. నీళ్లు ఆమె చెప్పుల పక్క నుంచి, బండి చక్రాల మధ్య నుంచి, ఎవరూ చెప్పకుండానే గేటు కింద కాలవలోకి వెళ్లిపోయాయి.

ఆమె తన రసమట్టాన్ని నేల మీద పెట్టింది. బుడగ అక్కడా వెనక గీత మీదికే ఎక్కింది.

“సార్, మీ నేలే వాలుగా ఉంది. బండిని వెనక్కి తిప్పి నిలబెట్టి చూడండి, ముక్కు పైకి ఉన్నట్టు చూపిస్తుంది.”

ఆయన వంగి చూశాడు. నిజంగానే చూశాడు. తర్వాత మోకాలి మీది దుమ్ము దులుపుకున్నాడు.

“అన్ని బండ్లనీ ఇదే గీత మీద చూస్తున్నానండీ. ఒక్క బండిని తిప్పి చూస్తే మిగతావాళ్లు ఒప్పుకుంటారా?”

“ఆ తెల్ల బండిని చూడలేదుగా?” గీతకి ఆవల కొత్త పికప్పు ఒకటి తాపీగా లోడు ఎక్కించుకుంటోంది.

“అది కొత్తదండీ. కంపెనీ నుంచి వచ్చిన బండిని మనమేం చూస్తాం?”

లైనులో ఉన్న ఒక డ్రైవరు మెల్లగా అన్నాడు. “సారు బావమరిది బండమ్మా అది. పుట్టుకతోనే లెవెలు.”

ఇద్దరు ముగ్గురు నవ్వారు. సూపర్‌వైజరు కూడా మర్యాదకి కొంచెం నవ్వాడు. “మీరు బండి చూసుకోండమ్మా. నేల సంగతి పైవాళ్లు చూసుకుంటారు.”

తిరిగి వచ్చేటప్పుడు ఆమె ముందు సీట్లో కూర్చుని దారి పొడుగునా మాట్లాడింది. వాలు ఎంతుందో లెక్క కట్టింది. డ్రైవర్లంతా కలిసి ఒక కాగితం పెడితే ఎలా ఉంటుందో చెప్పింది. అద్దాలాయన గేరు మార్చినప్పుడల్లా తలూపాడు. చివరికి షెడ్డు సందు మలుపులో అన్నాడు.

“నాకు తెలుసమ్మా.”

“ఏం తెలుసు?”

“ఆ నేల పోసినప్పుడు కంకర తోలింది నేనే. కడిగిన నీళ్లు గేటు బయటికి పోవాలని వాలు పెట్టించారు. అందరికీ తెలుసు. నేల వాళ్లది, బండి నాది. వంగాల్సింది ఏదో నువ్వే చెప్పు.”

వెనక తొట్టిలోంచి ఆయన భార్య రేకు మీద రెండు సార్లు కొట్టింది, షెడ్డు దాటిపోతున్నారని.

“ఇంకో నాలుగు చుట్లు వేసెయ్,” అన్నాడు పెదనాన్న. “పాసయ్యాక మళ్లీ దించుకుంటాడు.”

“దించడానికి ఎప్పుడొస్తాడు? వారం నుంచి పని లేదు, పాసైన మర్నాడే మన గోతిలో బండి పెట్టుకుని కూర్చుంటాడా? అలాగే తిరుగుతాడు. ఇప్పటికే ముందు చక్రాలు కిందికి వేలాడుతున్నాయి. ఇంకా బిగిస్తే గుంతలో చక్రం దిగడానికి చోటుండదు. చక్రాన్ని పట్టి ఉంచే బాల్ జాయింటు ఊడితే?”

“మీ కాలేజీలో ఊడిందేమో. నా చేతిలో ఎప్పుడూ ఊడలేదు.”

గురువారం పొద్దున ఆమెకి ఉపాయం తట్టింది. పళ్లు తోముకుంటూ ఉండగా తట్టింది, నురగ నోట్లో ఉండగానే నవ్వుకుంది. బోల్టుల్ని ముట్టుకోనక్కర్లేదు. వెనక టైర్లలో గాలి సగానికి తీసేసి, ముందు టైర్లలో నిండా కొడితే సరి. వెనక దిగుతుంది, ముందు లేస్తుంది. కాణీ ఖర్చు లేదు. పరీక్ష అవగానే మళ్లీ గాలి నింపుకుంటే బండి ఎప్పటిలాగే ఉంటుంది. ఏ పుస్తకంలోనూ లేని లెక్క అది. డిప్లొమాలో ఫస్టు క్లాసు వచ్చిన రోజు కూడా ఆమెకి అంత సంతోషం కలగలేదు.

షెడ్డులో వెనక టైర్ల కింద డిపో వాలుకి తగ్గట్టు చెక్కలు తీసి, పెట్టి, మళ్లీ తీసి సరిచూసుకుంది. వాల్వు పిన్ను నొక్కి వెనక గాలి వదులుతుంటే అద్దాలాయన భార్య పక్కనే కూర్చుని చూసింది.

“నా మోకాళ్ల నొప్పికి కూడా ఇలాంటి పిన్నొకటి చూడరాదూ?”

“చూస్తాలే పిన్నీ. బాబాయ్, బాగా విను. పాసవగానే ఖాళీ బండితోనే బయటికొచ్చెయ్. వంతెన దాటాక పెట్రోలు బంకులో గాలి నింపుకుని, మళ్లీ వెళ్లి లోడు ఎక్కించుకో. ఈ టైర్లతో లోడు వద్దు.”

“సరేనమ్మా.”

పదకొండు గంటలకి ఫోనొచ్చింది. ఆమె ఇంకో బండి కింద వెల్లకిలా పడుకుని ఉంది. మోచేత్తో ఫోను చెవికి ఆనించుకుంది.

“పాసైంది ఇంజినీరూ,” అంది అద్దాలాయన భార్య. “బుడగ పెళ్లికూతురిలా నడిమధ్యన కూర్చుంది. సారు రెండు సార్లు చూశాడు పాపం.”

ఆవిడ గొంతు వెనక ఏదో గరగరమంటోంది. చెక్క స్టాండులోకి అద్దం జారే చప్పుడు.

“పిన్నీ, గాలి నింపారా?”

“ఇక్కడ గీత మీద పాసైన బండికి గీత మీదే లోడెక్కిస్తారమ్మా. కదిలితే మళ్లీ లైను చివరికి పోవాలట. మీ బాబాయ్ అడిగాడు. పోతే పో, ఈ లోడు వెనకవాడికిస్తా అన్నారు. ఎంతసేపు, బంకు రెండు కిలోమీటర్లేగా.”

బండ్ల గురించి ఆమెకి తెలియంది తక్కువ. డిపో గురించి అడగాలని ఆమెకి తట్టలేదు. సగం గాలి ఉన్న టైరు మీద నిలువెత్తు అద్దాల బరువు పడితే ఏమవుతుందో ఆమెకి కళ్లకు కట్టినట్టు తెలుసు. టైరు పక్క గోడలు ముడతపడతాయి. తిన్నగా పోతే ఏమీ కాదు. మలుపులో తొట్టి అంతా ఒక వైపుకి ఒరుగుతుంది. దించేయమను పిన్నీ అన్న మాట నాలుక చివర దాకా వచ్చింది. వారం రోజుల తర్వాత మొదటి లోడు అది.

“నెమ్మదిగా పొమ్మను,” అంది.

“మా ఆయనకి నెమ్మది ఒకరు నేర్పాలా?” అని ఫోను పెట్టేసింది ఆవిడ.

బండి పడలేదు. దేన్నీ గుద్దలేదు. వంతెన దిగే మలుపులో తొట్టి ఒక్కసారి ఊగింది, అంతే. చివరి రెండు అద్దాలు స్టాండులోంచి లేచి జారాయి. జారే అద్దాన్ని వదిలేసి పక్కకి తప్పుకోవాలని ఎవరైనా చెబుతారు. ఇరవై ఏళ్ల అలవాటు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

శుక్రవారం ఆమె ఆసుపత్రికి వెళ్లింది. వార్డు తలుపు దాకా వెళ్లింది. అద్దాలాయన మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, భార్య ఎడమ చేతికి గ్లాసు అందిస్తున్నాడు. ఆవిడ కుడి చెయ్యి మోచేతి దాకా తెల్లటి కట్టుతో దిండు మీద ఉంది. కట్టు బయటికి కనబడే వేళ్లలో మూడు, ఆవిడవి కానట్టు పడి ఉన్నాయి. నరాలు కలిపారని, మళ్లీ ముడుచుకుంటాయో లేదో చెప్పలేమని నర్సు ఎవరితోనో అంటోంది. గ్లాసు వొలికి మెడ మీద నీళ్లు పడితే ఆవిడే ఏదో అంది. అద్దాలాయన నవ్వలేక నవ్వాడు.

తలుపు దగ్గర ఒక పావుగంట నిలబడి, లోపలికి వెళ్లి ఏం చెప్పాలో తేలక, ఆమె తిరిగి వచ్చేసింది.

శనివారం పొద్దున సూపర్‌వైజరు షెడ్డుకి వచ్చాడు. అదే ఇస్త్రీ చొక్కా. గ్రీజు మరకల మధ్య ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడే మాట్లాడాడు.

“చాలా బాధగా ఉందండీ. మనిషి మంచిది. ఒక చిన్న కాగితం కావాలి. బండి పని మీ షెడ్డులో చేయించారని, అంతా సరిగ్గా ఉందని రెండు ముక్కలు రాసివ్వండి. పైవాళ్లకి పంపాలి.”

“దేనికి?” అందామె.

“మా తనిఖీలో లోపం లేదని చూపించాలి కదండీ.”

“రాసిచ్చెయ్,” అన్నాడు పెదనాన్న, ఆమె వైపు చూడకుండా. “నీ రాత బాగుంటుంది.”

ఆమె లోపలికెళ్లి బిల్లుల పుస్తకం వెనక తెల్ల కాగితం చింపింది. మీ తనిఖీలో లోపం లేదు. షెడ్డు పనిలో లోపం లేదు. మరి మిగిలిందెవరు? అద్దాలాయన. ఆయన నడిపిన తీరు. ఈ రెండు ముక్కలతో ఆయన మెడకి చుడతారన్నమాట. ఆమె పెన్ను మూత పళ్లతో లాగింది.

రెండు ముక్కలు కాదు, పేజీ నిండా రాసింది. బోల్టులు ఎన్ని చుట్లు తిప్పిందో, ముందూ తర్వాతా కొలతలెంతో. షెడ్డు నేల మీద బండి సమానంగా ఉన్న సంగతి. డిపో నేల గేటు వైపు ఎంత వాలుగా ఉందో, కొలిచిన రోజుతో సహా. ఆ వాలు మీద పాసవ్వడానికి వెనక టైర్లలో గాలి సగానికి తీసేయమన్నది తానేనని, డ్రైవరు తప్పేమీ లేదని. లోడెక్కిస్తున్నప్పుడు తనకి ఫోనులో తెలిసి కూడా వద్దనలేదని. కింద పూర్తి పేరు రాసి సంతకం పెట్టింది.

రెండు రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి పూర్తిగా ఆడినట్టనిపించింది.

సూపర్‌వైజరు నిలబడే చదివాడు. సగం దాకా మామూలుగా చదివాడు. తర్వాత ఒక చోట కళ్లు ఆగాయి. అక్కడే ఇంకోసారి చదువుకున్నాడు.

“గాలి తీసేసి తెచ్చారా?” అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే తెలియక.

“నేలని బట్టి తీయాల్సొచ్చింది. పైన అది కూడా రాశాను చూడండి.”

“చూశానండీ.” కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. “మీరు రెండు ముక్కలే రాయాల్సింది. సరిగ్గా తనిఖీ చేసిన బండి అయితే ఆసుపత్రి ఖర్చు డిపో పెట్టుకుంటుంది, లైనులో ఆయన చోటు ఆయనకుంటుంది. అందుకే నేనొచ్చాను.”

ఆమె చెయ్యి చాచింది. “ఇటివ్వండి. వేరేది రాసిస్తాను.”

“చదివాక నాకు తెలియదని ఎలా అంటానండీ? నాకూ పైవాళ్లున్నారు.”

కాగితం చొక్కా జేబులో పెట్టుకుని, నమస్కారం పెట్టి వెళ్లాడు. స్కూటరు సందు దాటింది. పెదనాన్న కుర్చీలోంచి లేచి, గోతిలోకి దిగి, ఆమె చేయాల్సిన పని తాను చేయడం మొదలుపెట్టాడు.

ఆదివారం ఆమె వార్డు తలుపు దగ్గర ఆగలేదు. ఆగితే మళ్లీ వెనక్కే పోతానని తెలుసు. మంచం దగ్గర అద్దాలాయన లేడు.

“బండి అమ్మకానికి ఎవరినో చూడ్డానికి వెళ్లాడు,” అంది ఆయన భార్య. “కూర్చో.”

ఆమె స్టూలు మీద కూర్చుంది. “పిన్నీ, నేను...”

“తెలుసులే. పొద్దున డిపో మనిషి వచ్చి నీ కాగితం సంగతి, ఖర్చు ఇవ్వరన్న సంగతి చెప్పి పోయాడు. మేం మలుపులో గుంత ఉందని చెప్పాం, ఇద్దరం ఒకే మాట. గాలి ఊసు ఎవరి దగ్గరా ఎత్తలేదు. నీ పేరు వస్తుందని మీ బాబాయ్ నా చేత ఒట్టు వేయించుకున్నాడు.”

పక్క మంచం మీది ముసలామె దగ్గి, అటు తిరిగి పడుకుంది.

“నిజమే రాశాను పిన్నీ.”

“అబద్ధమన్నానా?” ఆవిడ తన కట్టు వైపు చూసుకుంది. “రాసేముందు నన్నొక్క మాట అడగాల్సింది. చెయ్యి నాది కదా.”

ఆమె తల వంచుకుంది. గోళ్ల సందుల్లో గ్రీజు, ఎంత తోమినా పోనిది. ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు.

ఆవిడ ఎడమ చేత్తో జుట్టు ముందుకి లాగి భుజం మీద వేసుకుంది. మూడు రోజులుగా దువ్వెన తగల్లేదు. ఉండలు కట్టి ఉంది.

“జడ వెయ్యి. ఒంటిచేత్తో రావడం లేదు. ఆయనకి చెబితే తాడు పేనినట్టు పేనాడు.”

ఆమె మంచం మీద ఆవిడ వెనక్కి ఎక్కి కూర్చుంది. చిక్కులు ఒక్కొక్కటే విడదీసింది. ఒక పాయలో బియ్యపు గింజంత గాజుముక్క దొరికితే తీసి, ఎక్కడ వేయాలో తెలియక అరచేతిలోనే పట్టుకుంది. మూడు పాయలు చేసి అల్లడం మొదలుపెట్టింది.

“వదులుగా ఉంది,” అంది ఆవిడ గోడ వైపు చూస్తూనే. “విప్పి మళ్లీ వెయ్యి.”

ఆమె విప్పింది.